గజ్జెల జేబు

ఎలిజబెత్ రాణి కాలమున, 1585వ సంవత్సరపు వేసవిలో, లండను నగరమందు ఒక విచిత్రమైన పాఠశాల అధికారుల కంటబడినది. థేమ్సు నది యొడ్డున బిల్లింగ్స్‌గేటు రేవు చెంత అది నడచుచుండెను. స్థాపకుని పేరు వాటన్. పుట్టుకచేత పెద్దింటివాడు, ఒకప్పుడు మంచి పరపతి గల వర్తకుడు. కాలము కలిసిరాక చితికిపోయి రేవులో మద్యపు అంగడి పెట్టుకొనెను. ఏదో నేరముమీద అధికారులు ఆ అంగడిని మూయించిరి. అంతట ఆతడు అదే ఇంటిలో క్రొత్త వృత్తికి దిగెను. నగరములోని జేబుదొంగలకెల్ల ఆ ఇల్లు కూడలి యైనది; చిన్నపిల్లలకు ఆ విద్య నేర్పుటకు అచ్చటనే బడి వెలసినది.

బడి యన్న తరువాత పరీక్ష ఉండవలెను గదా! గదిలో ఒక జేబును, ఒక డబ్బుసంచిని వ్రేలాడదీసిరి. జేబులో లెక్కలకు వాడు బిళ్ళలు కొన్ని వేసి, దాని చుట్టును డేగల కాళ్ళకు కట్టు చిరుగజ్జెలను తగిలించి, పైన ప్రార్థనామందిరములలో మ్రోగించు చిన్నగంట నొకదానిని కట్టిరి. గజ్జె కదలకుండ, గంట పలుకకుండ జేబులోని బిళ్ళను తీసిన బాలుడు ఒక పరీక్ష నెగ్గినట్లు. సంచిలోని వెండి నాణెమును అదే విధముగ తీసినవాడు పట్టభద్రుడే. రెంటికిని వేర్వేరు బిరుదులు సైతము కలవు. నగర న్యాయాధికారి విలియం ఫ్లీట్‌వుడ్ ఈ సంగతులన్నియు పూసగ్రుచ్చినట్లు వ్రాసి రాణిగారి మంత్రి యగు బర్లీ ప్రభువునకు పంపుటచేత ఇవి నేటికి నిలిచినవి. నేరస్థుల నడుమ ఇంత క్రమము గల విద్యావిధానము ఉండెనని చదివినపుడు ఏ ఉపాధ్యాయునికైనను ఒకింత అసూయ కలుగక మానదు.

నాలుగు వందల ఏండ్లు దాటినవి. ఆ లండనుకును, దానితోపాటు పారిసుకును, రోముకును, బార్సిలోనాకును నేడు తెలుగునాట నుండి చదువులకు పోవు పిల్లలు, వారిని చూడబోవు తల్లిదండ్రులు, యాత్రాసంఘములతో బయలుదేరు విశ్రాంత ఉపాధ్యాయులు ఎందరో కలరు. ప్రయాణమగువారికి ఇంటివారు చెప్పు మాట ఒక్కటే: “జేబు జాగ్రత్త!” చెప్పుట సులభము. ఆ జాగ్రత్త ఏ రూపమున ఉండవలెనో విడమరచి చెప్పువారు అరుదు. వాటన్ బడి గుట్టు కొంత తెలిసినచో ఆ మాటకు అర్థము ఏర్పడును.

ఆనాటి లండనులో ఈ వృత్తివారు రెండు తెగలు. ‘నిప్’ అనువాడు నడుముపట్టీకి వ్రేలాడు సంచి త్రాటిని కత్తితో కోయును. ‘ఫాయిస్ట్’ అనువాడు వట్టి వ్రేళ్ళతో జేబులోనిది తీయును. 1591 మొదలు రాబర్ట్ గ్రీన్ అను రచయిత వీరి మర్మములను వెల్లడించుచు చిన్న పొత్తములు ప్రచురించెను. వ్రేళ్ళవాడు కత్తివానిని మిక్కిలి చులకనగా చూచునట. తన్నును కత్తివాడనుకొందురేమో యను భయముచే, భోజనమువేళ మాంసము కోసికొనుటకైనను దగ్గర కత్తి ఉంచుకొనడట! వృత్తిగౌరవము ఎచ్చట లేదు?

సంస్కృతమున ఇట్టి దొంగకు గ్రంథిభేదకుడని పేరు. గ్రంథి యనగా ముడి. పైకమును కొంగున ముడివేసికొను కాలమున ఆ ముడిని విప్పువాడే జేబుదొంగ. మనుస్మృతి వానికి తొలితప్పునకు వ్రేళ్ళను, మలితప్పునకు కాలుసేతులను ఖండింపుమని, మూడవమారు వధింపుమని శాసించినది. తెలుగుదేశపు ముదుసలులు డబ్బుసంచిని రొంటిన దోపుకొనుట, కొంగుముడిని బొడ్డున చెక్కుకొనుట ఆ దొంగను ఎరిగిన అలవాటులే. పైకము ఒంటికి తగిలియుండుట అందలి రహస్యము. కోటులకును, షరాయీలకును జేబులు వచ్చిన పిదప పైకము ఒంటిని వీడి బట్టను చేరినది. ఆనాడే వ్రేళ్ళవానికి పండుగ వచ్చినది.

శిక్షను కఠినము చేసినచో ఈ విద్య మాసిపోవునని ఇంగ్లండు కూడ నమ్మినది. 1565 నాటి చట్టము జేబుదొంగకు ఉరిని విధించినది. కొట్టిన సొత్తు 12 పెన్నీలకు మించిన చాలును. ఫలమేమి? పసివానిని ఉరికంబమెక్కించుటకు మనసొప్పని జూరీవారు సొత్తు విలువ 10 పెన్నీలే యని తీర్పు చెప్పి ప్రాణము కాచుచుండిరి. ఉరి చూడ గుమిగూడిన జనసమూహములోనే జేబులు తేలికయగుచుండెడివని చెప్పుదురు. సామ్యూల్ రోమిలీ పట్టుదలచే 1808లో ఆ మరణశిక్ష తొలగినది. దొంగ మాత్రము తొలగలేదు.

పరదేశి జేబు దొంగకు ఎందుకు తీపియో తెలుపు ఉదంతము ఒకటి ఉన్నది. 1775లో లండను కావెంటుగార్డెను నాటకశాలయందు రష్యా దేశపు ఒర్లోవ్ ప్రభువు వద్ద రత్నములు చెక్కిన నస్యపు డబ్బీ ఉండెను. పెద్దమనిషి వేషమున ప్రక్కకు చేరిన జార్జి బారింగ్టన్ దానిని తీసెను. ప్రభువు పసిగట్టి పట్టుకొనగా, డబ్బీని మారు మాటాడక తిరిగి యిచ్చెను. ఐనను ప్రభువు న్యాయస్థానమున వ్యాజ్యమునకు నిలువ నొల్లలేదు, దొంగ బయటపడెను. (ఆతనిని తుదకు 1790లో శిక్షించి ఆస్ట్రేలియాకు ఓడ యెక్కించిరి. అచ్చట ఆ ఘనుడు పారమట్టా పట్టణమున రక్షకభటుల పెద్ద యయ్యెను! అది వేరు కథ.)

ఒర్లోవ్ చేసినదే నేటి యాత్రికుడును చేయును. ఊరివాడు సాక్ష్యమునకు వచ్చును. పరదేశి ఎల్లుండి విమానమెక్కును. ఇటలీలో 2022వ సంవత్సరము చివర అమలునకు వచ్చిన సంస్కరణ ప్రకారము ఇట్టి చౌర్యములలో పెక్కింటికి, సొత్తు పోయినవాడు ఫిర్యాదు చేసిననే విచారణ సాగును. ఊరు విడిచిపోవు యాత్రికుడు ఆ శ్రమకు పూనుకొనుట తక్కువ. మరుసటి యేడు వెనిస్ నగరమున ఒక మహిళ జేబుదొంగలు కనబడినప్పుడెల్ల యాత్రికులను హెచ్చరించుచు పెట్టిన కేక ప్రపంచమంతయు వినబడుటకు ఆ నిస్సహాయత యును ఒక కారణమే. స్పెయిన్ దేశమున 400 యూరోలు మించని దొంగతనము చిన్ననేరము. అది చాలకాలము జరిమానాతో సరిపోవుచుండెడిది. పలుమారులు శిక్ష పడినవారి విషయమున 2022లో ఆ చట్టమును బిగించిరి.

పారిసు కథ ఇంకను వింత. అచ్చటి లూవ్ర్ మ్యూజియమునకు 18 ఏండ్ల లోపువారికి ప్రవేశము ఉచితము. పిల్లదొంగలు గుంపులుగా లోనికే వచ్చి, చిత్రములు చూచుచున్నవారి జేబులు తడుముచు, అడ్డుపడిన ఉద్యోగులపై తిరుగబడుచుండిరి. విసిగిన ఉద్యోగులు 2013 ఏప్రిలులో ఒకనాడు పని మానివేయగా మ్యూజియము మూతబడినది. 2015 మే నెలలో ఐఫిల్ గోపురపు ఉద్యోగులును అదే కారణమున పని మానిరి. కాపలాదారులే ఓటమి నొప్పుకొనిన చోట యాత్రికుని కన్నులు మాత్రము ఏమి చేయగలవు?

ఈ ప్రశ్నకు జవాబు కన్నులలో లేదు. 1999లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము చేసిరి. బంతిని ఒకరికొకరు విసరుకొనుచున్నవారి చలనచిత్రమును చూపి, ఎన్నిమారులు విసరిరో లెక్కింపుమనిరి. నడుమ గొరిల్లా వేషము వేసిన మనిషి తెరపైకి నడచివచ్చి, రొమ్ము చరచుకొని వెడలిపోయెను. లెక్కపెట్టుచున్నవారిలో ఇంచుమించు సగముమంది ఆ గొరిల్లాను చూడనేలేదు! కన్నులు తెరచియే ఉన్నవి. మనస్సు బంతి వెంట పోయినది. వేదికపై ప్రేక్షకుల జేబులు కొట్టి చూపి నవ్వించు అపోలో రాబిన్స్ అను హస్తలాఘవ నిపుణుడు నాడీశాస్త్రజ్ఞులతో కలిసి పనిచేసెను. చేయి సూటిగా కదలినచో చూపరి కన్ను తటాలున చివరకు దుముకుననియు, వంపుగా కదలినచో ఆ వంపు పొడవునను దాని వెంటబడి పోవుననియు 2011లో వారు ప్రకటించిరి. రెండవ చేయి చేయవలసిన పనికి అంత వ్యవధి చాలును.

రైలునిలయమున జరుగునది ఇదే. మెట్రో రైలు వచ్చి ఆగును. తలుపు తెరచియుండునది కొద్ది క్షణములే. యాత్రికుడు పెట్టెతో లోనికి అడుగిడబోవు సమయమున ముందున్నవాడు ఏదో మరచిపోయినట్లు టక్కున ఆగును. వెనుకవాడు తొందరగా త్రోయును. యాత్రికుని మనస్సు పెట్టె చక్రముమీదను, మూసికొనబోవు తలుపుమీదను ఉన్నది. ఆ ఒత్తిడిలో రెండు వ్రేళ్ళు జేబులో దిగి పైకి వచ్చుట ఆతనికి స్పర్శగా తెలియకపోదు. కాని ఒళ్ళంతయు నలిగిపోవుచున్నపుడు ఆ స్పర్శ ఎవరి లెక్కలోనిది? తీసినవాడు వెంటనే మూడవవానికి అందించును. తలుపు మూతబడును. పట్టుబడినను వాని యొద్ద ఏమియు ఉండదు. గ్రీన్ కాలమునను అడ్డము నిలుచువానికి వేరు పేరు ఉండెడిది. పని విభజన నాలుగు శతాబ్దులుగా చెక్కుచెదరలేదు. వాటన్ బడిలో గజ్జె మ్రోగరాదు. వీథిలో గజ్జె మ్రోగినను బాధలేదు. వినవలసినవాని చెవి వేరొకచోట ఉన్నచో చాలును.

మిగిలిన వేషములన్నియు ఆ చెవిని మరలించుటకే. కోటుమీద ఏదో తెల్లగా పడినదని తుడువవచ్చు దయాళువు, చెవిటివారికై సంతకము చేయుమని అట్టను కన్నులకు అడ్డముగా పట్టు పడుచు, మణికట్టుకు దారము ముడివేయువాడు, “నకిలీనోట్లు తిరుగుచున్నవి, పర్సు చూపుడు” అని గద్దించు దొంగ పోలీసు, అందరును ఒక్క శాస్త్రమునే చదివినవారు. రోములో ప్రధాన రైలునిలయము నుండి వాటికను వైపు పోవు 64వ నంబరు బస్సు ఈ విషయమున పేరుమోసినది. భక్తులతో క్రిక్కిరిసిన బస్సున మనస్సు గోపురము వైపే ఉండుట సహజము గదా. వీనిని మించినది ఒకటున్నది. “జేబుదొంగలున్నారు, జాగ్రత్త” అను పలకను చదువగానే మనిషి తెలియకయే పర్సున్న జేబును తడిమి చూచుకొనును. ప్రక్కన నిలిచి చూచుచున్నవానికి ఇక వెదకు శ్రమ లేదు.

విదేశమున దిగిన తొలిదినమున యాత్రికుని మనస్సు ముందే ఖర్చయిపోయియుండును. రాత్రి నిద్ర లేదు. నాణెములు క్రొత్తవి, భాష రాదు, ఏ గట్టున నిలువవలెనో తెలియదు, గుంపు ముందుకు పోవుచున్నది. ఇట్టివానిని “అప్రమత్తుడవై యుండుము” అనుట ఆకలిగొన్నవానిని ఓపిక పట్టుమనుట వంటిదే. కావున చేయవలసిన రక్షణ దారిలో చేయునది కాదు. ఇంటివద్ద, పెట్టె సర్దునాడు చేసి ముగింపవలసినది. మనస్సు ఏమరినను సొత్తు ఏమరకుండునట్లు అమర్చుటయే అది. ముదుసలుల రొంటిసంచి ఇచ్చట మరల పనికివచ్చును. పాస్‌పోర్టు, రెండవ బ్యాంకు కార్డు, అధికపైకము చొక్కా లోపల ఒంటికి ఆని కట్టుకొను పలుచని సంచిలో ఉండవలెను. యాత్రాసంఘములవారు ఇచ్చు సంచిని చొక్కా పైన మెడలో వ్రేలాడదీయుట కంటె దానిని ఇంటివద్ద మరచిపోవుట మేలు. అది సొత్తు ఎచ్చటనున్నదో నలుగురికి చాటు పలక. లోపలిసంచిని వీథిలో విప్పి చూచుకొనరాదు. ఆ దినమునకు చాలినంత చిల్లర మాత్రము ముందుజేబులో వేరుగా ఉండవలెను. అది పోయినను ఒకపూట భోజనము పోయినట్లే.

పాస్‌పోర్టును బసలో తాళము వేసి, నకలు వెంట ఉంచుకొనుట పలుచోట్ల తెలివైన పని. ఐనను జపాను వంటి దేశములలో విదేశీయుడు అసలు పత్రమునే వెంట ఉంచుకొనవలెనని చట్టము. పోవు దేశపు నియమమును ముందు తెలిసికొనుట అవసరము. పెండ్లి పేరంటములకు వలె బంగారము ధరించి పోవు అలవాటును మాత్రము విమానాశ్రయము చేరకముందే విడువవచ్చును. గాజు పోయినచో గాజు విలువ పోవును; మెడలోని మంగళసూత్రము పోయినచో ఆ ఇల్లాలికి యాత్రయంతయు పోవును.

నేడు అన్నిటికంటె బరువైన పర్సు సెల్‌ఫోను. టిక్కెట్లు, బస చిరునామా, బ్యాంకు ఖాతా, పిల్లల నంబర్లు అన్నియు అందే. భారతదేశపు బ్యాంకు ధ్రువీకరణకై పంపు రహస్యసంఖ్యయును ఆ ఫోనుకే చేరును. కావున ఫోను పోయినవాడు కార్డు చేతనున్నను చేతులు లేనివానివలె నిలువవలసివచ్చును. కాఫీ బల్లపై ఫోను నుంచి ఎదుటివానితో మాటాడువాడు ఫోను పోగొట్టుకొనుటకు సిద్ధపడినట్లే. దానిపై పటము పరచి దారి యడుగువాడు పటముతోపాటు ఫోనును ఎత్తుకొనిపోవును. బ్యాంకు నంబరు, భారత రాయబార కార్యాలయపు నంబరు, కుమారుని నంబరు, ఫోను గుర్తుసంఖ్య ఒక కాగితముపై సిరాతో వ్రాసి భార్య యొద్ద ఒకటి, భర్త యొద్ద ఒకటి ఉంచుకొనవలెను. కాగితమును ఎవరును దొంగిలింపరు.

ఇంత చేసినను పాస్‌పోర్టు పోవచ్చును. పోయినపుడు తొలిపని కార్డును ఫోనును స్తంభింపజేయుట, మలిపని ఆ ఊరి పోలీసుల యొద్ద ఫిర్యాదు వ్రాయించి ప్రతి తీసికొనుట. ఆ ప్రతి లేనిదే తరువాతి మెట్టు కష్టము. దానితో రాయబార కార్యాలయమునకు పోయినచో స్వదేశము చేరుటకు మాత్రము పనికివచ్చు అత్యవసర పత్రమునో, వ్యవధి యున్నచో క్రొత్త పాస్‌పోర్టునో పొందవచ్చును. పాతదానిలోని వీసా దానితోనే పోయినది. ముందున్న దేశములను చూచు ఆశ విడువవలెను. చదువుకొను పిల్లవానికైనచో ఇది మరింత చిక్కు. పోగొట్టుకొనినవారిలో పెక్కండ్రు సిగ్గుచే రెండుమూడు గంటలు ఎవరితోను చెప్పరు. పెద్దవారు మరీ. “ఇంత చదివి ఇంత తెలివితక్కువగా” అందురేమో యని వారి భయము. ఆ రెండు గంటలే దొంగకు అసలు లాభము. సగముమంది గొరిల్లాను చూడని లోకములో సిగ్గుపడవలసినది ఏమున్నది?

జాగ్రత్తకు వెనువెంట వచ్చు చెడుగు వేరొకటి కలదు. మోసపోయినవాడు గాని, మోసపోవుదునని భయపడువాడు గాని ఎదుటివాని రంగును, బట్టను చూచి దొంగను నిర్ణయింపజూచును. ఐరోపాలో చింపిరితలల పిల్లలను, సంచారజాతులవారిని చూచినంతనే యాత్రికులు సంచులను గుండెకు హత్తుకొందురు. నల్లని ఒంటిరంగు గల తెలుగు విద్యార్థి ఒకానొక బస్సులో కూర్చున్నపుడు ప్రక్కనున్న వృద్ధురాలు తన సంచిని అటువైపునకు మార్చుకొనుటయును జరుగుచుండును. ఆ పిల్లవాడు దానిని ఉత్తరములో వ్రాయడు. బారింగ్టన్ ధరించినది చింపిరిబట్ట కాదు, పట్టుకోటు. సొత్తును ఒంటికి కట్టుకొనినవానికి ముఖములను శంకించు పని తప్పును. దారి యడిగిన ముసలివానితో నిర్భయముగ మాటాడవచ్చును.

పట్టుబడిన పిల్లల వెనుక ఉన్నవారిని గూర్చి న్యాయస్థానముల యందు బయటపడిన సంగతులు వాటన్ బడిని జ్ఞప్తికి తెచ్చును. డికెన్సు ‘ఆలివర్ ట్విస్ట్’ నవలను 1837లో ప్రారంభించి, ముసలి ఫేగిన్ కోటు జేబులలో వస్తువులు నింపుకొని గదిలో పచార్లు చేయుచుండగా బాలురు వానిని తీయుట నేర్చు ఘట్టమును వ్రాసెను. చదివినవారు నవ్వుకొందురు. 2013 మే నెలలో పారిసు న్యాయస్థానము, మెట్రో రైళ్ళలో చిన్నబాలికలచే జేబులు కొట్టించిన ముఠా నాయకునికి 7 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. ఆ బాలికలు దినమునకు ఇంతయని నిర్ణయించిన మొత్తము తెచ్చి యీయవలెను; తేనినాడు దెబ్బలు. తలుపు మూతబడు క్షణమున వారు తీసిన పర్సు వారి చేతిలో ఒక నిమిషమైనను నిలుచుట లేదు.